పీపాలు చూపించారు, తోట చూపించలేదు

రెండు గంటల టూర్‌లో ద్రాక్ష తోట చూసింది ఐదు నిమిషాలు, అదీ బస్సు కిటికీలోంచి. మిగతా సమయమంతా నేల కిందే. చల్లటి సొరంగాలు, వరసలు వరసలుగా ఓక్ పీపాలు, పసుపు దీపాలు, ఎక్కడో స్పీకర్లోంచి సన్నగా గిటార్. ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంబడి ఉన్న రియోహా ప్రాంతంలో ఒక పెద్ద బొదేగా అది. వైన్ తయారుచేసి నిల్వపెట్టే చోటును అక్కడ బొదేగా అంటారు. గైడ్ అమ్మాయి మంచి మాటకారి. పీపాకు 225 లీటర్లు పడతాయనీ, అమెరికన్ ఓక్ అయితే వెనిలా వాసన, ఫ్రెంచ్ ఓక్ అయితే లవంగం లాంటి వాసన వస్తుందనీ చకచకా చెప్పుకుపోయింది. "ఈ ద్రాక్ష ఎవరి తోటల్లోది?" అని అడిగాను. "కొంత మాది, కొంత రైతుల దగ్గర కొంటాం" అంటూ తర్వాతి గది తలుపు తీసింది. కిలో ఎంతకు కొంటారని అడగబోయి ఊరుకున్నాను. వెనకాల పదిహేను మంది గ్లాసుల కోసం చూస్తున్నారు మరి.

రియోహాలో వైన్ టూరిజం పద్ధతిగా నడుస్తోంది, అందులో అనుమానం లేదు. నా పేచీ ఒక్కటే. టికెట్ కొని వచ్చినవాడికి వాళ్లు చూపించేది గోదామును, సేద్యాన్ని కాదు. అలాగని ఇది నిన్నమొన్న మార్కెటింగ్ వాళ్లు పెట్టిన అలవాటు కూడా కాదు. నూటయాభై ఏళ్ల కిందట పడిన బాట.

ఆ బాట కనబడాలంటే హారో వెళ్లాలి. స్పానిష్‌లో హెచ్ పలకరు కాబట్టి వాళ్ల నోట ఆ ఊరు 'ఆరో'. (మొదటిసారి విన్నప్పుడు మిగతా ఐదూళ్లు ఎక్కడని అడగాలనిపించింది.) 1863లో బిల్బావో నుంచి తుదేలాకు వేసిన రైలుమార్గం ఈ ఊరి మీదుగా వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలకు ఫిలాక్సెరా అనే పురుగు పట్టింది. కంటికి సరిగా ఆనదు గానీ, వేరు రసం పీల్చి మొక్కనే చంపేస్తుంది. సరుకు కరువైన బోర్దో వ్యాపారులు కొండలు దాటి ఇటు వచ్చారు. స్టేషన్ చుట్టూ ఒక్కొక్కటిగా బొదేగాలు లేచాయి. 1877లో లోపెస్ దె ఎరేదియా, 1879లో కూనే, 1890లో లా రియోహా ఆల్తా. పీపా నింపి వ్యాగన్లోకి దొర్లిస్తే నేరుగా బిల్బావో ఓడరేవుకు చేరేది. ఊళ్లోకి డబ్బు వరదలా వచ్చింది. స్పెయిన్‌లో అందరికంటే ముందు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగిన ఊళ్లలో ఇదీ ఒకటి. 'ఆరో వచ్చేశాం, దీపాలు కనబడుతున్నాయి' అన్న సామెత ఇప్పటికీ అక్కడివాళ్ల నోట్లో నానుతోంది. 1899లో ఆ పురుగు రియోహాలోనూ దిగింది. ఒకప్పుడు పక్కవాడి కష్టం వీళ్లకు లాభమైతే, ఈసారి నష్టం వీళ్లకే. పురుగుకు తట్టుకునే అమెరికన్ వేరుమొక్కల మీద అంటు కట్టి తోటలు మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నారు.

ఇందులో చూడాల్సింది ఏంటంటే, బొదేగా పుట్టింది తోటలో కాదు, రైలుకట్ట పక్కన. ద్రాక్ష చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్ల మీద వచ్చేది. మన దగ్గర పత్తి చేను ఊళ్లో, జిన్నింగ్ మిల్లు మెయిన్ రోడ్డు మీద ఉన్నట్టు. సీసా మీద పేరు మాత్రం మిల్లు వాడిది. ఇవాళ టూరిస్టులు నడిచే 'స్టేషన్ పేట' ఒకనాటి వ్యాపార వీధి. అక్కడ రైతు కనబడలేదంటే ఆశ్చర్యం ఏముంది?

ఇంత అన్నాక, ఆ వీధిలో నన్ను కట్టిపడేసింది కూడా చెప్పాలి. లోపెస్ దె ఎరేదియా నేలమాళిగలో గోడల మీద, సీసాల మీద బూజు తెరలు తెరలుగా వేలాడుతుంది. దులపరు. కార్కును తొలిచే పురుగుల్ని సాలెపురుగులు తింటాయని వాటి జోలికి పోరు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ముందురోజే కర్రకు చీపురు కట్టి బూజు దులిపే వాతావరణంలో పెరిగినవాడిని నేను. బూజును కూడా ఉద్యోగంలో పెట్టుకున్న ఇల్లు అదే చూడ్డం.

ఇప్పుడు కట్టడాల సంగతి. 1997లో బిల్బావోలో గుగెన్‌హైమ్ మ్యూజియం తెరిచాక, ఒక్క భవనం ఊరి తలరాత మారుస్తుందన్న నమ్మకం ఆ చుట్టుపక్కలంతా పాకింది. 2001లో రియోహాలోనే లాగ్వార్దియా ఊరి దగ్గర స్పానిష్ వాస్తుశిల్పి కలత్రావా అలల పైకప్పుతో ఇసియోస్ బొదేగా కట్టాడు. ఆ కప్పు కారుతోందని తర్వాత యజమానులు కోర్టుకెక్కారు. 2006లో ఎల్సియేగోలో మార్కెస్ దె రిస్కాల్ బొదేగా హోటల్‌కు, ఆ గుగెన్‌హైమ్ కట్టిన ఫ్రాంక్ గెరీయే గులాబీ, బంగారు, వెండి రంగుల టైటానియం రేకుల్ని రిబ్బన్లలా చుట్టాడు. వైన్‌కు గులాబీ, సీసా చుట్టూ ఉండే వలకు బంగారం, మూతికి వెండి అన్నమాట. వెనక కంతాబ్రియా కొండలు, పక్కన పాత చర్చి గోపురం, మధ్యలో ఈ రేకులు. బాగుందా అంటే బాగుంది. పల్లెటూరికి ఉద్యోగాలు వచ్చిన మాటా నిజం. కానీ అందరూ ఫోన్ ఎత్తేది దాని వైపే. నాలుగు అడుగుల ఎత్తున్న ద్రాక్ష మొక్క ఆ ఫొటోలో అంచున పచ్చటి గీత.

లేబుల్ కూడా ఇదే కథ చెబుతుంది. రియోహా ఎర్ర వైన్‌కు దర్జా నిర్ణయించేది కాలం. రెండేళ్లు ఆగి, అందులో కనీసం ఏడాది పీపాలో ఉంటే క్రియాంసా. మూడేళ్లయితే రెసెర్వా. ఐదేళ్లు ఆగి, అందులో రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో గడిపితే గ్రాన్ రెసెర్వా. అంటే గోదాములో ఎన్నాళ్లు పడుకుందన్నది పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ ఊరి ఏ చేలో పండిందన్న దానికి ఏళ్ల తరబడి పెద్దగా చోటు లేదు. ఆ కోపంతోనే రియోహాలో అలవా జిల్లా వైపు పేరున్న అర్తాది అనే వైన్ సంస్థ 2015 చివర్లో రియోహా ముద్రే వద్దని బయటికి వెళ్లిపోయింది. 2017లో నియంత్రణ మండలి దిగివచ్చి, 35 ఏళ్లు దాటిన తీగలున్న ప్రత్యేక తోటల పేరు లేబుల్ మీద వేసుకునే వీలు కల్పించింది. ఆలస్యంగానైనా మంచి పనే. టూర్లు మాత్రం ఇంకా పీపా దగ్గరే ఆగిపోయాయి.

రైతు వైపు నుంచి ఒక చిన్న లెక్క. రియోహాలో హెక్టారుకు 6,500 కిలోలకు మించి ఎర్ర ద్రాక్ష తీసుకోకూడదని నియమం. అంటే ఎకరానికి 26 క్వింటాళ్లు. దానికి ఎన్నో రెట్లు దిగుబడి తీసే మన ద్రాక్ష రైతుకు చెబితే, ఈ మాత్రం దానికి తోట ఎందుకంటాడు. నాణ్యత కోసం పెట్టుకున్న కట్టడి అది. వంద కిలోల ద్రాక్షకు 70 లీటర్లకు మించి వైన్ తీయకూడదన్నది ఇంకో నియమం. కాబట్టి 750 మిల్లీలీటర్ల సీసాకు కావాల్సింది కిలో చిల్లర ద్రాక్ష. మామూలు తోటల ద్రాక్షకు కిలో యూరో దొరకడమే ఈమధ్య కష్టంగా ఉంది. నేను టూర్‌కు కట్టింది 25 యూరోలు. అందులో గ్లాసున్నర వైన్, ఓ ముక్క జున్ను. నేను తాగిన దాంట్లో రైతు వాటా పావు యూరో కూడా ఉండదు.

ఖర్చు కంటే తక్కువకు పంట కొనకూడదని స్పెయిన్ 2021లో చట్టాన్ని గట్టిచేసింది. కాగితం మీద బాగానే ఉంది. ఎవరి ఖర్చు ఎంత అన్న దగ్గర తగువు తెగదు. మరోపక్క ప్రపంచం ఎర్ర వైన్ తాగడం తగ్గించింది, రియోహా ట్యాంకుల్లో సరుకు మిగిలిపోతోంది. 2023లో మిగులు వైన్‌ను మరిగించి ఆల్కహాల్‌గా మార్చడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. పచ్చి గుత్తుల్ని కోసి నేల పాలు చేస్తే పరిహారం ఇచ్చే పథకమూ నడిచింది. టమాటా రోడ్డు మీద పారబోయడం చూసిన మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ సంక్షోభం గురించి ఏ టూర్‌లోనూ ఒక్క ముక్క వినబడలేదు నాకు. సెలవుల్లో వచ్చినవాడి మూడ్ పాడుచేయడం ఎందుకనుకుంటారేమో.

నాకు మింగుడుపడనిది సెప్టెంబరు. అది కోతల కాలం. లోగ్రోన్యో నగరంలో సాన్ మతేయో ఉత్సవాల్లో ఆ ఏటి తొలి ద్రాక్షను కాళ్లతో తొక్కి, ఆ రసాన్ని వల్వనేరా మాతకు సమర్పిస్తారు. టూరిస్టులు డబ్బు కట్టి గంటసేపు కత్తెర పట్టుకుని గుత్తులు కోసి ఫొటోలు దిగుతారు. అదే రోజుల్లో, అదే నగరంలో, కోత కూలి వెతుక్కుంటూ వచ్చిన ఆఫ్రికా దేశాల మనుషులు ఆరుబయట పడుకుంటున్నారన్న వార్తలు ఏటా వస్తుంటాయి. డబ్బిచ్చి గుత్తులు కోసేవాళ్లు ఒకవైపు, అదే పనికి డబ్బు దొరక్క తిరిగేవాళ్లు ఇంకోవైపు. ఉత్సవాలు మానేయమని నేను అనను. కోత 'అనుభవం' అమ్మేవాళ్లు ఆ ఆదాయంలోంచి కూలీల వసతికి కొంత ఇస్తే వాళ్ల వైన్ రుచి ఏమీ తగ్గదు.

సరే, వెళ్లేవాళ్లు ఏం చేయాలి? మన వాళ్లలో వైన్ సంగతులు తెలిసినవాళ్లు తక్కువ. మన 'వైన్స్' షాపులో బోర్డు మీద తప్ప వైన్ పెద్దగా కనబడదు, అది వేరే విషయం. యూరప్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగు పిల్లలు ఇప్పుడు ఇటు బాగానే వెళ్తున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇది. పెద్దవి ఒకటి చూడండి, చాలు. మిగతా రోజు ఊళ్లలో చిన్న రైతులకు ఇవ్వండి. సొంత ద్రాక్షతో సొంతంగా వైన్ చేసుకునేవాణ్ని అక్కడ కొసెచేరో అంటారు. ముందే ఫోన్ చేసి అడగాలి, మధ్యాహ్నం రెండు దాటితే ఎవరూ తలుపు తీయరు, ఇంగ్లీషు రాకపోవచ్చు. రుచి చూసి ఉమ్మడానికి బకెట్ పెడతారు, మొహమాటపడకుండా వాడండి. కారు నడిపేవాడైతే అసలు మింగకపోవడమే మంచిది.

నేను అలా వెళ్లింది లాగ్వార్దియా దగ్గర ఒక పల్లెకు, అక్టోబరు చివర్లో. బిల్బావోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దుభాషి. ఆ రైతుకు అరవై దాటి ఉంటాయి. పలకరింపులు అవగానే గ్లాసు ఇవ్వలేదు, ట్రాక్టర్ తోలుకుని తోటకు తీసుకెళ్లాడు. పందిరి లేదు, పాకించే ఇనుప తీగ లేదు. పొట్టి మొక్కలు, ఒక్కోటి వేళ్లు విప్పిన అరచెయ్యిలా. ఆకులు ఎర్రబడుతున్నాయి. చేను మధ్యలో రాళ్లు గుండ్రంగా పేర్చి కట్టిన చిన్న గుడిసె. కోతల ముందు కాపలా ఉండటానికంట. మన జొన్న చేలో మంచె లాంటిదే, కాకపోతే రాతిది.

తిరిగొచ్చాక ఇంటి నేలలోని చెక్కతలుపు ఎత్తాడు. కింద కొండరాయిలో తొలిచిన నేలమాళిగ. వాళ్లు దాన్ని కలాదో అంటారు. లాగ్వార్దియా ఊరు మొత్తం ఇలాగే కింద గుల్ల, అందుకే కోటగోడల మధ్య ఉన్న ఆ ఊళ్లోకి కార్లను రానివ్వరు. దిగే ముందు కొవ్వొత్తి వెలిగించి చెయ్యి చాపి ముందు పట్టుకున్నాడు. వైన్ పులిసే రోజుల్లో కింద బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, దీపం ఆరిందంటే మనిషి దిగకూడదు. మా ఊళ్లో పాడుబడ్డ బావిలో దిగే ముందు లాంతరు దించేవారు. మేనల్లుడికి అది తెలీదు, నాకు దుభాషి అక్కర్లేకుండానే అర్థమైంది.

అక్కడ తాగించింది పీపా మొహం చూడని వైన్. గుత్తుల్ని తొడిమలతో సహా సిమెంటు తొట్టిలో పోసి, పండు లోపలే పులిసేలా వదిలేస్తారు. ఏడాది తిరక్కుండానే తాగేయాలి. వాసనలో ఇంకా పండు ఉంది. ఉదయం దించిన కల్లును ఉదయమే తాగాలనే వాళ్లకు ఈ రుచి వెంటనే ఎక్కుతుంది.

ఆ వైన్ ఆయన చేసేది కొద్దిగానే. పంటలో ఎక్కువ భాగం పెద్ద బొదేగాకే పోస్తాడు. పెద్ద టూర్‌లో ఆపుకున్న ప్రశ్న ఇక్కడ అడిగేశాను, కిలో ఎంతకు కొంటారని. ఆయన డ్రాయర్ లాగి ఆ నెల తూకం చీటీలు బల్ల మీద పరిచాడు. తేదీ ఉంది, కిలోలు ఉన్నాయి, పండులో తీపి ఎంతో ఆ డిగ్రీ ఉంది. ధర ఎక్కడుందని మేనల్లుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. చీటీలో ఉండదని చెప్పి, ఆయన చీటీల్ని మళ్లీ వరసగా సర్ది రబ్బరు బ్యాండు వేశాడు.