నిలబడటానికి నీడ కూడా లేదా?

హైదరాబాద్‌లో బస్టాపు నుంచి మా ఇంటికి పది నిమిషాల నడక. దారి పొడుగునా కనిపించేదేమిటి? ప్రహరీ గోడ, ఇనుప గేటు, మళ్లీ గోడ. పైన పగిలిన గాజు పెంకులు. రోడ్డువైపు ఒక్క కిటికీ కూడా తెరిచి ఉండదు. రాత్రి తొమ్మిది దాటాక ఆడపిల్ల ఒంటరిగా వస్తూ కేకేస్తే వినేదెవరు?

కొత్త అపార్ట్‌మెంట్ ఏది చూసినా కింద స్తంభాల మధ్య స్టిల్ట్ పార్కింగే. మనుషులు మసలాల్సిన చోట కార్లు. ఆ కార్లు లోపలికి ఎక్కడానికి వాలుగా కట్టిన ర్యాంపు మాత్రం రోడ్డు మీదికి! రోడ్డుకీ భవనానికీ మధ్య సెట్‌బ్యాక్ అని ఖాళీ జాగా వదలమన్నది దేనికి? ర్యాంపు వచ్చిన ప్రతిసారీ నడిచేవాళ్లు బండ్ల మధ్యలోకి దిగాలి. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ గుడికి వెళ్లడమే మానేసింది. అది తలుచుకుంటేనే కడుపు మండుతుంది.

మెయిన్ రోడ్డు మీద షోరూమ్‌లన్నీ నిలువెత్తు అద్దాలు. మే నెల ఎండ వాటికి తగిలి మొహం మీద కొడుతుంది. ఒక మెట్టు ఉంటే, దాని మీద ఎవరూ కూర్చోకుండా ఇనుప చువ్వలు! ముసలివాళ్లు ఎక్కడ ఆగాలి?

ఇదే హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి బజారు లేదా? 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించినదే కదా. ముందు రాతి కమానుల నడవా, వెనక దుకాణాలు. ఎండైనా వానైనా జనం నీడలోనే నడుస్తారు. మన పాత ఇళ్లకు వీధి అరుగులు ఉండేవి కాదా? సాయంత్రమైతే అక్కడే కబుర్లు, అక్కడే పిల్లల ఆటలు.

రెండడుగుల అరుగు, వీధివైపు ఒక కిటికీ, కాస్త చూరు. ఇంత చిన్న కోరిక కూడా తీరదా?