మహారాజశ్రీ టూత్‌పేస్టు గారి సముఖమునకు

అయ్యా,

ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మా వంటింట్లో ఎవరి చెయ్యి కాలినా ముందు మీరే హాజరవుతున్నారు కాబట్టి క్షేమం సంగతి తర్వాత చూద్దాం.

గారెలు వేస్తుంటే నూనె చిట్లుతుంది. సింకు రెండడుగుల దూరంలోనే ఉంటుంది. అయినా "ముందు పేస్టు రాయమ్మా, చల్లగా ఉంటుంది" అని పక్కింటి పిన్నిగారు కేకేస్తారు, మీరు బాత్‌రూమ్ నుంచి పరుగున వస్తారు. 20 నిమిషాలు మామూలు నీళ్ళు ధారగా పడనిస్తే చర్మంలో వేడి దిగుతుందనీ, కాలిన 3 గంటల్లోపు ఎప్పుడు పోసినా మేలేననీ డాక్టర్లు మొత్తుకుంటారు. ఏం లాభం, కుళాయి నీళ్ళకి పుదీనా వాసన రాదు కదా!

మీ చలవ సంగతి మాకు తెలిసిపోయింది. మీలోని మెంథాల్ వేడిని దించదు, చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతుంది, అంతే. కింద మంట కిందే ఉంటుంది, పైన మాత్రం ఊటీ.

మీకు ఏ డిగ్రీ లేకపోయినా మూడు డిగ్రీల కాలిన గాయాలకూ వైద్యం చేస్తున్నారు. ఫస్ట్ డిగ్రీ అయితే పైపొర ఎర్రబడుతుంది, వారం తిరిగేసరికి దానంతటదే మానుతుంది. "మొన్న పేస్టు రాస్తే మచ్చ కూడా లేదు" అని మీకొచ్చిన సర్టిఫికెట్లన్నీ ఇక్కడివే.

సెకండ్ డిగ్రీలో బొబ్బలు లేస్తాయి, ప్రాణం పోయేంత నొప్పి. అప్పుడు పనిచేసేది ఎవరో తెలుసా? వెంట్రుక కుదుళ్ళు, చెమట గ్రంథులు. ఇవి లోపలి పొరలోకి దిగి ఉంటాయి గనక పైపొర పోయినా వాటి గోడల్లోని కణాలు బతికి, మెల్లగా పైకి పాకి, కొత్త చర్మం పరుస్తాయి. అరచేతిలో వెంట్రుకలు లేకపోయినా చెమట గ్రంథులు దండిగా ఉన్నాయి. రోజూ తిట్టుకునే చెమటే అక్కడ దిక్కు. ఇంత చాకిరీ వాటిది, పేరు మీది.

థర్డ్ డిగ్రీలో ఆ కుదుళ్ళూ మాడిపోతాయి. చర్మం తెల్లగానో నల్లగానో తోలులా బిగుసుకుంటుంది, వెంట్రుక పట్టి లాగితే ఊడొస్తుంది. అక్కడ నొప్పి తెలియదు, నరాలే పోయాయి మరి. "నొప్పి లేదంటున్నాడు, పేస్టు పనిచేసింది" అని అప్పుడూ మీకే దండ వేస్తాం! తొడ మీది చర్మం తీసి అతికించాల్సిన గాయానికి!

ఇక ఆస్పత్రిలో మీరు చేసే ఉపకారం చూడాలి. గాయం ఎంత లోతో తేల్చాలంటే డాక్టరుకి రంగు కనబడాలి. ఎర్రగా ఉందా, పాలిపోయిందా, వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగొస్తోందా అని చూడాలి. మీరేమో అన్నిటికీ కలిపి సున్నం కొట్టి ఉంచుతారు. ఎండి పెచ్చులు కట్టిన మిమ్మల్ని సిస్టర్ సెలైన్‌తో నానబెట్టి, దూదిగుడ్డతో అంచుల నుంచి కొద్దికొద్దిగా తుడుస్తుంది. ఒక్కోసారి పెచ్చుతో పాటు బొబ్బ తోలూ లేచొస్తుంది. వార్డంతా వినబడేలా ఏడ్చేది పిల్లవాడు, మీరు కాదు.

మీ హడావుడిలో పడి గాజులు, ఉంగరాలు తీయడం కూడా మరిచిపోతాం. వేలు వాచాక ఉంగరం కోయాల్సి వస్తుంది.

కాబట్టి తక్షణం వంటింటి డ్యూటీ నుంచి తప్పుకుని చార్జి కుళాయికి అప్పగించగలరు. మీ సీటు కోసం దోసెపిండి, ఇంకు, వెన్న, ఐసుముక్క ఇప్పటికే పైరవీలు మొదలుపెట్టాయి. వాటిలో దేన్నీ సిఫార్సు చేయకండి. పైగా దీపావళి రాత్రి ట్యూబు మొత్తం పిండేస్తున్నారు. తెల్లారితే ఇంటిల్లిపాదీ పళ్ళు తోముకోవాలి.

ఇట్లు,
మీ సేవలు నోటి వరకే కోరుకునే ఒక గృహిణి