స్టార్ ట్రెక్ రీబూట్: తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఒకటే టికెట్

పోయిన వేసవి సెలవుల్లో, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయితో కూర్చుని 2009లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాను మళ్లీ చూశాను. పాత అంతరిక్ష సీరియల్ కథను కొత్త నటులతో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్న సినిమా అది, రీబూట్ అంటారే, అదే. తనకు ఆ లోకం గురించి ఏమీ తెలియదు. అందులోని గ్రహాంతరవాసి స్పాక్ చెవులు మొనదేలి ఉంటాయన్నది మాత్రం ఎక్కడో మీమ్‌లో చూసిందట. నేనేమో ఎనభైల్లో దూరదర్శన్‌లో పాత సీరియల్ చూసి, ఆ తరువాత వచ్చిన సినిమాలన్నీ క్యాసెట్లలోనూ సీడీల్లోనూ వెతుక్కుని చూసినవాణ్ని. ఒకే సోఫా మీద కూర్చున్న మేమిద్దరం చూసింది ఒకే సినిమాయేనా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒకే సినిమా చూశామనే నా అభిప్రాయం. అదే దర్శకుడు 2013లో తీసిన రెండో భాగం మాత్రం తనకూ అందలేదు, నాకూ అందలేదు.

2009 నాటికి ఆ కథ మీద ఎంత బరువు పేరుకుపోయిందో ముందు గుర్తుచేసుకోవాలి. 1966 నుంచి 1969 దాకా నడిచిన పాత సీరియల్‌లో 79 ఎపిసోడ్లున్నాయి. యానిమేషన్‌ను పక్కన పెడితే 2005 నాటికి అయిదు టీవీ సీరియళ్లు, 2002 నాటికి పది సినిమాలు వచ్చాయి. ఇంత సరంజామా ఉన్న కథలోకి కొత్త ప్రేక్షకుణ్ని పిలవడమంటే, పద్దెనిమిది పర్వాలూ చదువుకుని రమ్మని గుమ్మం దగ్గరే నిలబెట్టడంలాంటిది. అలాగని పాతదంతా కొట్టేసి కొత్తగా మొదలుపెడితే, నలభై ఏళ్లుగా దాన్ని మోసినవాళ్లు ఊరుకోరు.

దర్శకుడు జె.జె.అబ్రమ్స్, రచయితలు రొబెర్టో ఓర్సీ, అలెక్స్ కర్ట్జ్‌మన్ ఈ చిక్కుముడిని విప్పిన తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. 2387లో తన గ్రహాన్ని పోగొట్టుకున్న నీరో అనే రోములన్ జాతి గ్రహాంతరవాసి, కాలంలో వెనక్కి జారి 2233లో తేలి, పాత సీరియల్‌లో నౌక కెప్టెన్ అయిన కిర్క్ పుట్టే వేళకు అతని తండ్రి ఉన్న కెల్విన్ నౌకను నాశనం చేస్తాడు. అక్కడి నుంచి చరిత్ర వేరే పాయగా చీలిపోతుంది. "మా కథలో ఇలా జరగలేదు" అని అభిమాని గొంతెత్తేలోపే, "అవును, జరగలేదు, ఇకమీదట ఇలాగే జరుగుతుంది" అని సినిమాయే ఒప్పేసుకుంటుంది. పాత కథ చెక్కుచెదరకుండా తన పాయలో తానుంటుంది. ఆ తరువాత స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహమే కూలిపోయి, 1967 నాటి ఎపిసోడ్‌లో నిక్షేపంగా కనిపించిన స్పాక్ తల్లి అందులో పోయినప్పుడు, తరువాత ఏం జరగబోతోందో మా అమ్మాయికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. తెలిసినవాణ్ని తెలియనివాడి పక్కన కూర్చోబెట్టడం అంటే అదీ.

నిజానికి మనకిది కొత్త విద్యేమీ కాదు. శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదు. అయినా ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో చేసిన ఆగడాలకు భారతం చదివినవాళ్లూ చదవనివాళ్లూ కలిసే నవ్వారు.

ఆ కెల్విన్ ఘట్టం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. కెప్టెన్ శత్రునౌక మీదికి వెళ్లి ప్రాణం పోగొట్టుకోవడంతో బాధ్యత జార్జ్ కిర్క్ మీద పడుతుంది. అందరినీ చిన్న నౌకల్లో పంపేసి, ఆటోపైలట్ పాడైపోయింది కాబట్టి తానొక్కడే ఉండిపోయి, నౌకను శత్రువు మీదికి నడుపుతుంటాడు. అవతల నౌకలో భార్య ప్రసవిస్తోంది. పిల్లాడి ఏడుపు అతనికి వినిపిస్తుంది. ఉన్న కొద్ది క్షణాల్లో ఇద్దరూ పేరు గురించి మాట్లాడుకుంటారు; జార్జ్ తండ్రి పేరు టైబీరియస్ అని పెడదామని భార్య అంటే, అదేం పేరు, మీ నాన్న పేరు పెడదాం, జిమ్ అందాం అంటాడు. జేమ్స్ టైబీరియస్ కిర్క్ అన్న పూర్తి పేరు తెలిసిన నాకు అక్కడ నవ్వు, దుఃఖం ఒక్కసారే తోసుకొచ్చాయి. ఆ పేరు తెలియని మా అమ్మాయికి, చావుకు అరనిమిషం ముందు పేరు గురించి వాదించుకుంటున్న మొగుడూ పెళ్లాలు కనిపించారు. తను కళ్లు తుడుచుకుంది. నాకంటే ముందే తుడుచుకుంది కూడా.

రీబూట్‌కు నేను పెట్టుకున్న కొలత ఇదే. పాతదాన్ని గుర్తుచేసే ముక్క ఏదైనా సరే, ఆ గుర్తు లేనివాడికి కూడా ఒక పూర్తి సన్నివేశంగా నిలబడాలి. ఎవరూ గెలవలేని విధంగా పెట్టే కోబయాషి మారు పరీక్షలో కుర్ర కిర్క్ ఆపిల్ కొరుకుతూ కూర్చుంటాడు. 1982 సినిమాలో అదే పరీక్ష గురించి చెబుతూ పెద్ద కిర్క్ ఆపిల్ కొరికిన సంగతి తెలియకపోయినా, వాడి పొగరు ఆ కొరుకుడులోనే తెలిసిపోతుంది. ఎర్ర సూటు వేసుకుని, దూకుడుగా అందరికంటే కిందిదాకా పారాచూట్ విప్పకుండా పోయిన ఇంజనీరు కాలిపోయినప్పుడు, పాత సీరియల్‌లో ఎర్రచొక్కావాళ్లే ముందు చస్తారని ఎరిగినవాళ్లు థియేటర్లో గొల్లుమన్నారు. మా వీధిలో ఉన్న ఒకే ఒక్క టీవీ నలుపు తెలుపుది కాబట్టి, చచ్చేవాళ్ల చొక్కా రంగేమిటో చాలా ఏళ్లపాటు మాకు తెలిసే దారే లేకపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక మంచుగ్రహం మీది గుహ. తరుముకొస్తున్న జంతువు నుంచి కిర్క్‌ను కాపాడిన ముసలివాడు కాగడా పట్టుకుని ఇటు తిరిగితే, అతను పాత సీరియల్‌లో స్పాక్‌గా వేసిన లియోనార్డ్ నిమోయ్. నేను ఎప్పుడూ నీ స్నేహితుణ్నే, ఎప్పటికీ నీ స్నేహితుణ్నే అంటాడు. 1982లో గాజుతలుపు అవతల చచ్చిపోతూ స్పాక్ అన్న మాట అది. 2009లో థియేటర్లో ఆ మాట విన్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది. అయితే ఆ సన్నివేశంలో నేర్పంతా ఎక్కడుందంటే, ఆ మాట అందుకున్న కిర్క్‌కే దాని అర్థం తెలియదు. నువ్వెవరో నాకు తెలియదయ్యా అని తేల్చేస్తాడు. కొత్త ప్రేక్షకుడు అడగాల్సిన ప్రశ్నను కథానాయకుడే అడిగేశాడు కాబట్టి మా అమ్మాయి నా వైపు తిరగనే లేదు, తెర మీదే చూపు పెట్టి జవాబు కోసం ఎదురుచూసింది.

లోపాలు లేవని అనను. అంత పెద్ద గ్రహం మీద కిర్క్ పడ్డ చోటికి కూతవేటు దూరంలోనే పాత స్పాక్ గుహ ఉండటం, అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలోనే నౌక ఇంజనీరు కాబోయే స్కాటీ ఉండటం, చదువు కూడా పూర్తికాని కుర్రాడు సినిమా అయ్యేసరికి కెప్టెన్ కుర్చీలో కూర్చోవడం మింగుడుపడవు. నీరోగా ఎరిక్ బానాకు కోపం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. పాత సీరియల్‌లో యుద్ధం గురించో, జాతివివక్ష గురించో గంటసేపు సాగే వాదన ఉండేది; ఇందులో పరుగు ఉంది, వాదన లేదు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే, కాకపోతే ఇది అభిమానికీ కొత్తవాడికీ సమానంగా జరిగిన నష్టం.

2013 సినిమా పాడైపోయింది సరిగ్గా ఆ కొలత దగ్గరే. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ పాత్ర గాజుగదిలో నిలబడి, పిడుగు పడ్డట్టుగా తన పేరు ఖాన్ అని ప్రకటిస్తాడు. అంతకు మూడేళ్ల కిందట వచ్చిన హిందీ సినిమా పేరు కూడా అచ్చం అదే మాట కావడంతో, నేను చూసిన హాలులో సగంమంది పగలబడి నవ్వారు. ఆ నవ్వు సంగతి వదిలేయండి. మొన్న మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. "ఖాన్ అయితే ఏంటి నాన్నా?" ఎదురుగా ఉన్న కిర్క్‌కు ఆ పేరు తెలియదు, మా అమ్మాయికీ తెలియదు. 1982లో రికార్డో మోంటల్బాన్ ఖాన్‌గా మళ్లీ వచ్చినప్పుడు, కిర్క్ తనను వదిలేసిన గ్రహం మీద పదిహేనేళ్లు మగ్గి, భార్యను పోగొట్టుకున్న కసి అతనికి ఉంది. ఈ ఖాన్‌కు కిర్క్‌తో పాత లెక్కలేమీ లేవు. అతనెంత ప్రమాదకరమో చెప్పడానికి కుర్ర స్పాక్ ముసలి స్పాక్‌ను తెరమీదికి పిలిచి అడగాల్సి వచ్చింది. తన విలన్‌కు భయపడాలో వద్దో పాత సినిమాకు ఫోను చేసి కనుక్కున్నారన్నమాట.

ఆ పైన గాజుతలుపు చావును తిరగేసి, ఈసారి లోపల కిర్క్‌ను, బయట స్పాక్‌ను పెట్టారు. అభిమానికి అది కంఠతా వచ్చిన పద్యంలో పేర్లు మార్చి చదివినట్టుంది. కొత్తవాడికి, నిన్నగాక మొన్న స్నేహితులైన ఇద్దరు కుర్రాళ్లకు ఇంత పెద్ద వీడ్కోలెందుకో తెలియదు. 1982లో చనిపోయిన స్పాక్ కోసం జనం 1984 దాకా ఆగారు. ఇక్కడ ఖాన్ రక్తం ఎక్కించి కిర్క్‌ను అదే సినిమాలో లేపి కూర్చోబెట్టారు.

2016లో జస్టిన్ లిన్ తీసిన మూడో భాగం పెద్దగా హడావుడి చేయలేదు కానీ, నిమోయ్ అంతకు ముందు ఏడాదే చనిపోవడంతో, ముసలి స్పాక్ పోయాడన్న కబురు కథలోనూ వస్తుంది. అతని సామానులో కుర్ర స్పాక్‌కు ఒక ఫొటో దొరుకుతుంది. అందులో పాత నౌకవాళ్లు ఏడుగురూ ఉంటారు, వయసు మీదపడిన ముఖాలతో. మా అమ్మాయి అక్కడ సినిమా ఆపించి, ఎవరెవరో చెప్పమంది. ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి చెప్పాను. ఆ రాత్రే పాత సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టుకుంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. అట్టతో చేసిన రాళ్ల మీద రోజుకో జోకు వేస్తోంది, ఎర్రచొక్కా కనిపించగానే వేళ్లు లెక్కపెడుతోంది, నన్ను మాత్రం ముందే ఏమీ చెప్పొద్దని నోరు మూయిస్తోంది.