నడుం నొప్పి యువరాజు

పాత గేములకి కొత్త రంగులేసి మళ్ళీ విడుదల చేసేవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. వాటి కోసం ఎగబడేది కుర్రకారు కాదు, ఒకప్పుడు కుర్రకారుగా ఉండి ఇప్పుడు నెత్తి పల్చబడ్డ పెద్దమనుషులు. మా బావ ఆ జాబితాలో మొదటి వరసలో ఉంటాడు. ఆయనకి ఈమధ్య ఒక స్నేహితుడి దగ్గర టీవీకి తగిలించి ఆడుకునే పాత గేమ్ పెట్టె, ఎక్స్‌బాక్స్ 360 దొరికింది, అందులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్ అనే గేమ్ ఉంది. ఇక చూస్కోండి, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేసి మూలుగుతూ, నడుం పట్టేసింది సార్, మంచం దిగలేకపోతున్నాను అని సెలవు పెట్టేశాడు. మూలుగు మాత్రం చాలా బాగా వచ్చింది, పక్కనే ఉన్న నాకే జాలేసింది.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అసలు ప్రిన్స్ ఆఫ్ పర్షియా 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన ఆట. తమ్ముడికి తెల్లబట్టలేసి, పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికల్నే ఒక్కో ఫ్రేమూ చూసి గీశాడు. అందుకే ఆ చిన్న బొమ్మ పరిగెత్తుతుంటే నిజంగా మనిషి పరిగెత్తినట్టే ఉంటుంది, పడితే నిజంగా పడ్డట్టే ఉంటుంది, చూసేవాడికి మోకాలు చురుక్కుమంటుంది. 2007లో గేమ్‌లాఫ్ట్ వాళ్ళు దీన్నే త్రీడీ బొమ్మలతో మళ్ళీ చేస్తే యుబిసాఫ్ట్ విడుదల చేసింది. కోట అదే, గదులు అవే. యువరాజుకి మాత్రం మంచి బట్టలూ, నాలుగు కొత్త విన్యాసాలూ ఇచ్చి, గోడల మీద దీపాల వెలుగు పులిమారు. చచ్చే పద్ధతుల్లో పెద్ద మార్పేం లేదు.

"గంటలో అయిపోవాలి" అన్నాడు బావ. అసలు గేమ్‌లో రూలు అదే మరి. రాకుమారిని వజీరు జాఫర్ బంధించి, గంటలోగా నన్ను పెళ్ళాడతావా చస్తావా అంటాడు. 60 నిమిషాల్లో పన్నెండు లెవెల్సూ దాటి పైకి చేరాలి. మధ్యలో ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదటికి పంపిస్తుంది కానీ గడియారాన్ని మాత్రం వెనక్కి తిప్పదు. కొత్తదాంట్లో ఏం సదుపాయాలు పెట్టారో చూడనైనా చూడకుండా, తన ఫోన్‌లో గంట టైమర్ పెట్టి మా మేనకోడలి చేతికిచ్చాడు. "అమ్మలూ, టైమ్ నువ్వు చూస్కో. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసెయ్." ఈ రెండో వాక్యం దగ్గరే కథంతా ఉంది, గుర్తుపెట్టుకోండి.

మొదటి లెవెల్‌లో యువరాజు చేతిలో కత్తి ఉండదు. ఎక్కడో ఒక మూల పడి ఉంటుంది, వెతుక్కోవాలి. బావకి ఇది తెలుసు, తెలుసు కాబట్టే నవ్వుతూ, "అదెక్కడుందో నాకు కంఠతా వచ్చు" అంటూ సరిగ్గా రెండో వైపుకి నడిచి ఉత్త చేతులతో కాపలావాడి ముందు నిలబడ్డాడు. కత్తి లేనివాణ్ణి చంపడానికి కాపలావాడికి ఒక్క వేటు చాలు. "వాడు మారాడు, అప్పట్లో ఇంత వేగం ఉండేది కాదు" అన్నాడు బావ. అక్క లోపలినుంచే, "వాడు మారలేదు, నీకు వయసొచ్చింది" అంది.

ఆ తర్వాత పాత అలవాటు తెచ్చిన తంటా మొదలైంది. పాత కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే యువరాజు మెల్లగా అడుగు వేసేవాడు, అంచు పట్టుకుని వేలాడేవాడు. బావ వేళ్ళు ఇప్పుడు కంట్రోలర్ మీద లేని షిఫ్ట్ కోసం తడుముకుంటున్నాయి. ఎడమ చిటికెనవేలు గాల్లో ఏదో నొక్కుతూనే ఉంది, దాన్ని చూసి మా మేనకోడలు, "నాన్నా, ఆ వేలికేమైంది?" అని కంగారుపడింది. ఈలోగా యువరాజు ఊడిపోయే పలకల మీద పరిగెత్తి, ముళ్ళ మీద కూర్చుని, టకటకా మూసుకునే కోరల మధ్య రెండు ముక్కలై, అన్ని రకాల చావులూ ఒకసారి చూసొచ్చాడు. ఒక అంతస్తు దూకితే ఏం కాదు, రెండంతస్తులైతే ఒక ప్రాణం పోతుంది, మూడైతే మనిషే పోతాడు. ఈ లెక్క మాకు నోటితో చెప్పి, ఆ వెంటనే మూడో అంతస్తు నుంచి దూకి చూపించాడు.

అయితే ఒప్పుకోవాలి, మూడో లెవెల్ నుంచి మనిషి దారిలో పడ్డాడు. అక్కడ నేల మీద ఎముకల గూడు లేచి కత్తి దూస్తుంది. ఎంత పొడిచినా చావదు, చచ్చినవాణ్ణి మళ్ళీ ఏం చంపుతాం? అంచుదాకా తరిమి కిందకి తోసెయ్యాలి. బావ సోఫాలోంచి లేచి నిలబడి, యువరాజుతో పాటు తనూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ, చివరికి దాన్ని తోసేసినప్పుడు తనూ అరడుగు ఎగిరాడు. పొద్దున మంచం దిగలేని మనిషి!

నాలుగో లెవెల్‌లో అద్దం. దారికి అడ్డంగా నిలబడుంటుంది, పరిగెత్తుకొచ్చి దాంట్లోకే దూకాలి. దూకితే అటువైపు నుంచి యువరాజు నీడ బయటపడి పారిపోతుంది. ఈ నీడ వెనక కథ నాకిష్టం. మెక్నర్‌కి ఒక శత్రువు కావాల్సి వచ్చింది, కానీ ఆపిల్ 2లో ఇంకో మనిషి బొమ్మలు పెట్టడానికి మెమరీ చాల్లేదు. అప్పుడు యువరాజు బొమ్మనే కాస్త జరిపి దాని మీదే వేస్తే దెయ్యంలా మినుకుమినుకుమనే ఆకారం వచ్చింది. చోటు లేక పుట్టిన విలన్ అన్నమాట. ఈ నీడగాడు అయిదో లెవెల్‌లో మనకంటే ముందే వచ్చి, మనకి దక్కాల్సిన పెద్ద మందుసీసా గటగటా తాగేసి వెళ్ళిపోతాడు. అది తాగితే మనకి ఒక ప్రాణం పెరిగేది. మనం అడ్డుకునేలోపే ఖాళీ.

సరిగ్గా ఆ ఘట్టానికి వచ్చేసరికి ఫోన్ మోగింది. బావ టీవీ మీంచి చూపు తిప్పకుండా "కట్ చెయ్" అన్నాడు. పిల్ల కట్ చేసింది. అంటే, కట్ చేశాననుకుంది. ఎర్రదాని బదులు పచ్చది నొక్కి, టైమర్ కనపడ్డంలేదని ఇంకా ఏవేవో నొక్కింది, వాటిలో ఒకటి స్పీకర్. టీవీ మోతలో అవతలి "హలో, హలో" ఎవరికీ వినపడలేదు. అవతలివాళ్ళకి మాత్రం మా ఇల్లు చక్కగా వినపడింది. ఏం వినపడిందో వరసగా చెప్తాను.

"దూకేశాను! చూశావా, గోడ పట్టుకుని పైకి ఎలా ఎక్కానో!"

"బావా, మెల్లగా."

"ఒరేయ్ ఒరేయ్, నా బాటిల్! మొత్తం తాగేశాడ్రా! నా కళ్ళముందే!"

"ఎవరు నాన్నా?"

"ఇంకెవరమ్మా, నేనే!"

"గార్డు వస్తున్నాడు బావా."

"రానీ. ఇవాళ వాణ్ణి పొడిచి పడేస్తాను."

అప్పుడు పిల్ల ఫోన్ వంక చూసి, "నాన్నా, ఇందులో నంబర్లు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నాయేంటి?" అంది. నేను తొంగి చూశాను. టైమర్ కాదు, కాల్ నిడివి. పైన మేనేజర్ పేరు. నాకు గొంతు తడారిపోయింది, బావ చెయ్యి గిల్లాను. ఆయన గేమ్ ఆపి ఫోన్ అందుకునేలోపే గదంతా వినపడేలా అవతలి గొంతు చాలా నెమ్మదిగా, "నడుం ఎలా ఉందండీ?" అని అడిగింది.

బావ పొద్దుటి మూలుగు మళ్ళీ తెచ్చుకోబోయాడు కానీ ఎగిరెగిరి ఆయాసం మీద ఉన్నాడేమో, మూలుగూ రొప్పూ కలిసి ఇంకేదోలా వచ్చింది. "పర్లేదు సార్... ఫిజియోథెరపీ... ఇంట్లోనే చేస్తున్నాను సార్."

"గోడలెక్కుతూనా?"

"అది స్ట్రెచింగ్ సార్."

"మరి గార్డు?"

బావ నావంక చూశాడు. నేను టీవీ వంక చూశాను. అక్కడ యువరాజు కత్తి పట్టుకుని, ఎవరైనా జవాబు చెప్తే బావుండన్నట్టు ఆగిపోయి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే గంట నిండి ఫోన్‌లో టైమర్ గణగణా మోగింది. ఆగదు, ఎక్కడ నొక్కాలో బావకి తోచదు.

"ఏంటండీ ఆ మోత?"

"మందు టైమ్ అయింది సార్" అన్నాడు బావ.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "అర్థమైంది లెండి" అని పెట్టేశారు.

అక్క వంటింట్లోంచి వచ్చి, ఏడవాలో నవ్వాలో తెలీక తలుపుకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి మెసేజ్ వచ్చింది. చదివే ధైర్యం బావకి లేకపోతే అక్కే పైకి చదివింది: "రేపు కూడా రెస్ట్ తీసుకోండి. ఎల్లుండి రాగానే నా క్యాబిన్‌కి రండి, మాట్లాడాలి." ఈ "మాట్లాడాలి" విని బావ మొహం పాలిపోయింది, పాపం. ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడని మేమంతా నోరు మూసుకుని కూర్చున్నాం. పిల్లే ఉండబట్టలేక, "రేపు కూడా సెలవేనా నాన్నా? అయితే మళ్ళీ అయిదో లెవెల్ నుంచా, మొదటి నుంచా?" అని అడిగింది.

బావ కాసేపు సీలింగ్ వంక చూశాడు.

"మొదటి నుంచే. కానీ ఈసారి టైమర్ మామయ్య ఫోన్‌లో పెట్టు."