ఎడమ బూటు మహత్యం

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారి పొద్దున్నే ఆరింటికి ఒక పాత ఫొటో దిగుతుంది. అమెరికా ఆదివాసీ అథ్లెట్ జిమ్ థోర్ప్, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్, రెండు కాళ్లకీ రెండు రకాల బూట్లు. ఎవరో బూట్లు ఎత్తుకుపోతే చెత్తడబ్బాలో దొరికినవి తొడుక్కుని బంగారు పతకాలు కొట్టాడట. కింద నీతి: సాకులు చెప్పకు. దాని కింద దండాలు, చప్పట్లు.

మహత్తరమైన ఫొటో. లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందని అయిదో అంతస్తు మామ్మగారు అడిగితే సెక్రటరీగారు ఇదే పెట్టారు. నీళ్ల ట్యాంకర్ రాలేదంటే మళ్లీ ఇదే. ఒక బూటు వదులైతే థోర్ప్ మేజోళ్లు ఎక్కువ వేసుకున్నాడని కూడా చెబుతారు. ఆ లెక్కన మామ్మగారు రెండు జతలు వేసుకుంటే అయిదంతస్తులూ ఇట్టే ఎక్కేయొచ్చు.

ఒలింపిక్స్ తర్వాత ఆయన ఏమయ్యాడో మాత్రం ఏ ఫార్వర్డూ చెప్పదు. తిరిగి బడికెళ్లాడు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్. కాలేజీ కూడా కాదు, అమెరికా ఆదివాసీ పిల్లలకి చేతిపనులు నేర్పే బడి. ఫుట్‌బాల్ ఆడేది మాత్రం పెద్ద పెద్ద కాలేజీలతో. బంతి చంకలో పెట్టుకుని అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పరిగెత్తే రకం ఫుట్‌బాల్. 1912లో 14 ఆటలాడి 12 గెలిచారు, ఒకటి డ్రా, ఒక్కటే ఓటమి. నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌కే వెళ్లి సైనిక అకాడమీ జట్టుని 27-6తో ఉతికారేశారు.

ఈ ఆట మీద అమెరికావాళ్ల దగ్గరా మన బూటులాంటి కథ ఒకటి ఉంది. అది ఐసెన్‌హోవర్ మోకాలు. సైనిక అకాడమీ జట్టులో ఆడి, తర్వాత దేశాధ్యక్షుడైన ఆ కుర్రాడు ఆ రోజు థోర్ప్‌ని పడగొట్టబోయి తమవాణ్ణే గుద్దుకుని మైదానం బయటికెళ్లాడు. మోకాలు పోయింది ఆ తర్వాతి వారం, టఫ్ట్స్ కాలేజీతో ఆటలో. అయినా ఆ మోకాలు థోర్ప్ ఖాతాలోనే రాస్తుంటారు. అధ్యక్షుడి మోకాలు తగిలితే గానీ ఆదివాసీ పేరు గుర్తుండదు కాబోలు.

మోకాలంటే గుర్తొచ్చింది. ఆ ఆటకి 22 ఏళ్ల ముందు అమెరికా సైన్యం లకోటా తెగ ఆడవాళ్లనీ పిల్లల్నీ కాల్చి చంపిన వాగు పేరు వూండెడ్ నీ. గాయపడ్డ మోకాలని అర్థం. దానిమీద ఫార్వర్డులు రావు.

కార్లైల్ బడిని 1879లో పాత సైనిక బ్యారక్స్‌లో పెట్టింది రిచర్డ్ ప్రాట్ అనే సైన్యాధికారి. పిల్లలు దిగగానే జుట్టు కత్తిరింపు, కొత్త పేరు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఇండియన్‌ని, అంటే ఆదివాసీని, చంపి మనిషిని కాపాడాలన్నది ఆయన సిద్ధాంతం. మొదటి సగం దివ్యంగా అమలైంది. అక్కడి సమాధులు సుమారు 180. కొన్నిటిమీద పేరు కూడా లేదు. కన్నవాళ్లు పెట్టిన పేరు మీరే తీసేసి, రాతిమీద ‘తెలియదు’ అని చెక్కుతారా? సిగ్గు లేదూ?

సీజన్ ముగిసిన కొద్ది వారాలకే, 1913 జనవరిలో, థోర్ప్ 1909, 1910 వేసవుల్లో చిల్లర డబ్బులకి బేస్‌బాల్ ఆడాడని పేపర్లో వచ్చింది. డబ్బు తీసుకుని ఆడేవాళ్లకి అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. మహాపరాధం! పెద్ద కాలేజీల కుర్రాళ్లూ అలాగే ఆడేవారు, కాకపోతే దొంగపేర్లతో. ఈ అమాయకుడు సొంత పేరు రాయించుకున్నాడు. అభ్యంతరం ఏదైనా 30 రోజుల్లోగా చెప్పాలని ఒలింపిక్స్ నియమం. అప్పటికి ఆరు నెలలు దాటింది. నియమం రాసినవాళ్లే దాన్ని తుంగలో తొక్కి పతకాలు లాక్కున్నారు. ఇక కోచ్ పాప్ వార్నర్ తనకేమీ తెలీదన్నాడు. జట్టులోకెల్లా గొప్ప ఆటగాడు రెండేళ్లు బడి మొహం చూడకపోతే ఎక్కడికెళ్లాడో కోచ్‌కి తెలీదట! సాకు అంటే ఇదీ, సెక్రటరీగారూ.

ఆ జట్టు పిల్లలు నోరు మూసుకుని కూర్చోలేదు. మైదానంలో జట్టుని నడిపే క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ ముందు నిలబడి బడి మీద అర్జీ పెట్టించాడు. 1914లో అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపింది. 1918లో బడి మూతపడింది.

థోర్ప్ 1953లో పోయాడు. 1983లో ఒలింపిక్ కమిటీవాళ్లు ఆయన పిల్లల చేతిలో పతకాలు పెట్టారు. అవి నకళ్లు. అసలువి మ్యూజియాల్లో ఉండగా ఎవరో ఎత్తుకుపోయారు. ఈ దొంగతనం ఫొటో మా గ్రూపులో ఇంకా పడలేదు. లిఫ్టూ ఇంకా బాగవలేదు.