తుక్కు రాగి కరిగిస్తే ‘ఇంకో తూత్తుకుడి’ అవుతుందా?

రెండు రోజులుగా అనంతపురం గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కడప జిల్లా కొప్పర్తిలోనో కర్నూలు జిల్లా ఓర్వకల్లులోనో తుక్కు రాగి కరిగించే రీసైక్లింగ్ ప్లాంటు పెడితే సీమ ఇంకో తూత్తుకుడి అయిపోతుందట, ఉన్న నీళ్లన్నీ అదే తాగేస్తుందట, డబ్బంతా మన పన్నులదేనట. నాకు పంపినవాళ్లలో మా మామ కూడా ఉన్నాడు. ఆయనది మోటారు వైండింగ్ షాపు, కాలిపోయిన బోరు మోటార్ల రాగితీగ కిలోల లెక్కన తుక్కుకొట్టుకు అమ్మేది ఆయనే!

ముందు తూత్తుకుడి సంగతి. తమిళనాడులోని ఆ ఊళ్లో ఉన్నది ఏడాదికి 4 లక్షల టన్నుల స్మెల్టర్, అంటే ఖనిజాన్ని కరిగించి రాగి తీసే ఫ్యాక్టరీ. గనిలోంచి వచ్చే ఖనిజంలో గంధకం ఉంటుంది, దాన్ని కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. కాలుష్యం మీద జనం ఆందోళనకు దిగితే 2018 మే 22, 23 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 13 మంది పోయారు, ఆ నెలలోనే ప్రభుత్వం దాన్ని మూయించింది. అది చిన్న విషయమని ఎవరూ అనరు. కానీ పాత మోటార్లో, కేబుల్లో ఉన్నది ఎప్పుడో శుద్ధి చేసిన రాగి, అందులో ఆ గంధకం లేదు. ఖనిజం నుంచి తీయడంతో పోలిస్తే తుక్కు నుంచి తీస్తే 85 శాతం దాకా ఇంధనం మిగులుతుంది కూడా.

మరి తుక్కుతో ప్రమాదమే లేదా అంటే, ఉంది, మెసేజ్ రాసినాయన దాని జోలికే పోలేదు. తీగ మీది పీవీసీ తొడుగును మెషీన్‌తో ఒలిస్తే సరే, కాలిస్తే మాత్రం అందులోని క్లోరిన్ వల్ల డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి, రాగి పక్కనే ఉంటే ఇంకా ఎక్కువగా. ఇత్తడి కలిస్తే జింకు, సీసం సన్నటి దుమ్ముగా లేస్తాయి. ఆ దుమ్మును బ్యాగ్ ఫిల్టర్లతో (గుడ్డ సంచుల్లాంటి వడపోతలతో) పట్టి, ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన చోటికో, అనుమతి ఉన్న రీసైక్లర్‌కో పంపాలి. ఇప్పుడేం జరుగుతోంది? ఊరి బయట కంపచెట్ల మధ్య వైర్లు కాలుస్తున్నారు, ఫిల్టరూ లేదు, అనుమతీ లేదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి ఎత్తుకెళ్లే తీగ కూడా ఎక్కడో ఒకచోట కరుగుతూనే ఉంది కదా.

ఇక డబ్బు. కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌లకు (ఫ్యాక్టరీల కోసం కేటాయించిన ప్రాంతాలకు) 2024 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న 2,137 కోట్లు, 2,786 కోట్లు రోడ్లూ నీళ్లూ కరెంటు వసతులకు, ఏ ఒక్క కంపెనీ జేబుకూ కాదు. రాయితీలు ఉంటాయి, ఎంతిస్తున్నారని నిలదీయాల్సిందే. ఇలాంటి ప్లాంటుకు అసలు బరువు కొలిమి ఖర్చు కాదు, తుక్కు కొనే డబ్బు. టన్ను రాగి 8 లక్షలే అనుకున్నా, వెయ్యి టన్నులు యార్డులో ఉంటే 80 కోట్లు అక్కడే ఇరుక్కున్నట్టు. ఈలోపు లోహాల ధరలు తేలే లండన్ మార్కెట్లో రాగి ధర పడిందంటే యజమానికి నిద్ర పట్టదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్నాచితకా వాళ్ల దగ్గర కొన్న తుక్కు మీద 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీ కూడా కొనేవాడే కట్టాలి. బ్యాంకు అప్పిచ్చే ముందు చూసేది ఇవే.

నీళ్ల విషయంలో మాత్రం మెసేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేను. కొలిమి చల్లార్చే నీళ్లు తిప్పి తిప్పి వాడుకోవచ్చు, రాగిని విద్యుత్‌తో శుద్ధి చేసే ట్యాంకులు పెడితే ఆమ్లపు నీళ్ల లెక్క వేరు. ఉత్త కొలిమేనా, ఆ ట్యాంకులు కూడా పెడతారా అన్నది అడగాలి.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్లాంటు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. మామకు అదే చెప్పా, ఫార్వర్డ్ చేసే టైములో ఆ సారాంశం తెప్పించుకుని, ఫిల్టర్లో పట్టిన దుమ్ము ఏ ఊరికి పంపుతారో ఒక్క ముక్క అడగమని. “అయితే నా తుక్కు రేటు పెరుగుతుందా అల్లుడూ?” అన్నాడు.