సవరణ: పెర్టినాకియా అంటే పట్టుదల కాదు

లాటిన్ మాట 'పెర్టినాకియా'కి అర్థం పట్టుదల అని, అది మెచ్చుకోలు మాట అని మొన్న రాశాను. అది తప్పు, అందుకే ఈ సవరణ.

మాట పుట్టుక గురించి రాసింది మాత్రం సరైనదే. 'టెనేరే' అంటే పట్టుకోవడం, అందులోంచి 'టెనాక్స్', అంటే పట్టు వదలనిది, దానికి ముందు 'పెర్' చేరితే చివరిదాకా వదలకపోవడం అన్నమాట. మన 'పట్టుదల'లో కూడా పట్టు ఉంది కదా అని నేను రెండింటినీ ఒకటి చేసేశాను. కానీ మనకి 'మంకుపట్టు' కూడా ఉంది, ఎక్కువసార్లు దీనికి సరిపోయేది అదే.

రోమన్ వక్త సిసెరో వక్తృత్వం మీద రాసిన 'దే ఇన్వెన్షియోనె' అనే పుస్తకంలో ఈ తేడా స్పష్టంగా చెప్పాడు: ప్రతి మంచి గుణం పక్కనే దానిలాగే కనిపించే ఒక దోషం ఉంటుంది, 'పెర్సెవెరాంటియా' (ఇదీ అసలు పట్టుదల) పక్కన ఉండే దోషం పెర్టినాకియా. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ రాష్ట్రం బిథీనియాకి (ఇప్పటి టర్కీలో ఉంది) గవర్నరుగా ఉన్న చిన్న ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒప్పుకున్నది ఏదైనా సరే, వాళ్ళ పెర్టినాకియాకీ వంగని మొండితనానికీ శిక్ష వేయాల్సిందే అంటాడు. ఆ వాక్యంలో పట్టుదల అని పెట్టి చదవండి, అర్థమే తలకిందులవుతుంది.

మెచ్చుకోలుగా వాడిన చోట్లు లాటిన్‌లో అసలు లేవని కాదు, తక్కువ. నా పాత వాక్యాన్ని ఎవరైనా నోట్సులో రాసుకుని ఉంటే దయచేసి 'మొండిపట్టు' అని దిద్దుకోండి.